వైద్య సమన్వయం: ఎవరి కోసం, ఎవరి చేతిలో?

ఈ మధ్య 'సమన్వయ వైద్యం' అనే మాట తరచుగా వినబడుతూ ఉంది. మూలికలనూ, ఆక్యుపంక్చర్ సూదులనూ ఆధునిక ఆసుపత్రిలోకి తెచ్చి, రోగికి అన్ని వైపులనుంచీ మేలు చేకూర్చాలని దాని భావం. వినడానికి ఇంపుగా ఉంది. ఇంపుగా ఉన్న మాటను పరీక్షించకుండా ఒప్పుకోవడం మన అలవాటు కాకూడదు. సమన్వయం అనేది శూన్యంలో జరగదు. ఒక దేశంలో, ఒక కాలంలో, ఒక ఆర్థిక వ్యవస్థలో జరుగుతుంది. ఎవరో దాన్ని చేస్తారు, ఎవరి మీదో అది జరుగుతుంది. ఆ 'ఎవరు' అన్న ప్రశ్న వేయనంతవరకూ సమన్వయం గురించిన చర్చ అంతా ఉపన్యాస వేదికల అలంకారంగానే మిగులుతుంది.

నేనీ ప్రశ్నను అనంతపురం నుంచి వేస్తున్నాను. తూర్పు కనుమలు ఒకవైపు, పడమటి కనుమలు ఒకవైపు వానమబ్బులను అడ్డగించగా మిగిలిన పీఠభూమి ఇది. సంవత్సరానికి సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆ వానకూడా వేళకు రాదు. వైద్యుడిని కాని నేను వైద్యాన్ని గురించి వ్రాయడమేమిటని ఎవరైనా అడగవచ్చు. మన పాత వైద్యగ్రంథాలు వైద్య కళాశాలల్లోకన్నా తెలుగు, సంస్కృత శాఖల బీరువాల్లోనే ఎక్కువగా ఉన్నాయని నా జవాబు. వాటిని చదివి అర్థం చెప్పవలసిన బాధ్యత కొంతవరకైనా మాది. ఆ బాధ్యతను మేము సరిగా నిర్వహించలేదు గనుకనే, ఒకవైపు 'అన్నీ మన తాళపత్రాల్లోనే ఉన్నాయి' అనేవారూ, మరొకవైపు 'అదంతా అజ్ఞానం' అనేవారూ చదవకుండానే తీర్పు చెప్పగలుగుతున్నారు.

మొట్టమొదట ఒక భ్రమను తొలగించుకోవాలి. 'మన సంప్రదాయ వైద్యం' అనేది ఏకశిల కాదు. పాత గ్రామంలో వైద్యం అనేక చేతుల్లో ఉండేది. శ్లోకం చదివి నాడి పట్టే పండిత వైద్యుడు ఒకడు. పట్టణాల్లో యునానీ హకీము ఒకడు. విరిగిన ఎముకకు కట్టు కట్టేవాడు మరొకడు. కాన్పు చేసే మంత్రసాని మరొకతె. కురుపు కోసి చీము తీసే మంగలి ఇంకొకడు. పశువుల రోగాలకు ఆకు నూరే గొల్లవాడు వేరొకడు. వీరి జ్ఞానాలు వేరు, కులాలు వేరు, గౌరవాలు వేరు. సుశ్రుతుని గ్రంథంలో శస్త్రచికిత్సకు అంత స్థానం ఉండగా, కాలక్రమాన పండిత వైద్యుడు కత్తి ముట్టడం మానివేశాడు. కత్తి మంగలి చేతికి పోయింది. కత్తి పట్టినవాడికి శాస్త్రం అందలేదు. శాస్త్రం చదివినవాడు శరీరాన్ని తాకలేదు. రక్తమూ, చీమూ, మైలా తక్కువ కులాల పాలు. శ్లోకమూ, భస్మమూ పై కులాల పాలు. మన వైద్యం ఎదగకుండా ఆగిపోవడానికి పరాయి పాలన ఒక్కటే కారణమనేవారు ఈ విభజన సంగతి మాట్లాడరు. మెదడునూ చేతినీ వేరుచేసిన వ్యవస్థలో ఏ శాస్త్రమూ చాలాకాలం బతకదు.

అయితే, ఆ పండిత వైద్యంలోనూ ప్రజల వైపు ఒక తలుపు తెరిచే ఉండేది. 'బసవరాజీయం' ఇందుకు నిదర్శనం. ఆంధ్రదేశపు వైద్యులు శతాబ్దాలపాటు చేతిపుస్తకంగా వాడుకున్న ఈ గ్రంథంలో సంస్కృతమూ తెలుగూ కలిసి నడుస్తాయి. సాహిత్య విద్యార్థికి ఇది భాషావిషయం. చరిత్ర విద్యార్థికి ఇది సామాజిక విషయం. గ్రంథకర్త తన పాఠకుడిని సంస్కృతం మాత్రమే వచ్చినవాడుగా భావించలేదన్నమాట. మందు నూరవలసినవాడికి మాట అర్థం కావాలి గదా! ఈ చిన్న సంగతిని మనం మళ్లీ తలచుకోవలసి వస్తుంది.

ఇక వలస పాలన సంగతి. 1800లో నైజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. నేటి అనంతపురం అప్పటి బళ్లారి జిల్లాలో భాగం. 1882లో విడిగా జిల్లా అయింది. ఆ జిల్లా ఏర్పడడానికి కొన్నేళ్ల ముందే, 1876-78లో, ఈ నేల మీద ధాత కరువు విరుచుకుపడింది. మద్రాసు రాజధానిలో లక్షలాదిమంది చనిపోయారు. దత్తమండలాలు అతి ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో చేరాయి. ఆకలితోపాటు కలరా, మశూచి ఊళ్లను ఊడ్చాయి.

ఆ కరువులో జరిగిన ఒక వివాదం మన చర్చకు పునాది వంటిది. ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877 ఆరంభంలో, కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ దీన్ని ఎదిరించాడు. ఆ తిండితో పనిచేసే శరీరం నిలబడదనీ, ఆ కూలీ మనుషులను నెమ్మదిగా చంపుతుందనీ వైద్యపరంగా వాదించాడు. కొన్ని నెలల్లో మద్రాసు ప్రభుత్వం ఆ కూలీని సవరించక తప్పలేదు. కార్నిష్ సామ్రాజ్య ఉద్యోగే. కాని ఆ సందర్భంలో అతడు రోగానికి మందు సీసాలో వెదకలేదు, గిన్నెలో వెదికాడు. కరువు సీమలో వైద్య చరిత్ర వ్రాయదలచినవాడు ఆయుర్వేదమా అల్లోపతియా అనే తగాదాతో ప్రారంభించకూడదు. ఆ పౌను ధాన్యంతో ప్రారంభించాలి.

ఇరవయ్యో శతాబ్ది వచ్చేసరికి దేశీయ వైద్యం జాతీయోద్యమపు వాదవివాదాల్లో ఒక అంశమయింది. మద్రాసులో పండిత దీవి గోపాలాచార్యులవారు (1872-1920) ఆయుర్వేద విద్యాలయాన్ని నడిపి, ప్లేగు రోజుల్లో చేసిన చికిత్సలవల్ల పేరుపొందారు. ఆధునిక వైద్య పట్టం పుచ్చుకొన్న ఆచంట లక్ష్మీపతిగారు (1880-1962) ఆయుర్వేదంవైపు మళ్లి, తెలుగులో విరివిగా వ్రాశారు. ఇద్దరూ తెలుగువారే. లక్ష్మీపతిగారి జీవితంలోనే ఈ సమన్వయ సమస్య ఒక మనిషి రూపం దాల్చింది: ఒకే తలలో రెండు శాస్త్రాలు.

1918లో మద్రాసు ప్రభుత్వం దేశీయ మందులను పరిశోధించే పని డాక్టర్ ఎం. సి. కోమన్‌కు అప్పగించింది. ఆయన నివేదికలు ఆయుర్వేద పద్ధతి పట్ల చులకన భావంతో ఉన్నాయని వైద్యులు మండిపడ్డారు. ఆ వేడిలోనే 1921లో, జస్టిస్ పార్టీ ప్రభుత్వం మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. కార్యదర్శి కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి. అప్పటి ముఖ్యమంత్రి పానగల్లు రాజా పానుగంటి రామరాయణింగారు దేశీయ వైద్యానికి గట్టి మద్దతుదారు. ఈ సంఘం ఒక మంచిపని చేసింది. ప్రశ్నావళిని ఇంగ్లీషులోనే పంపి ఊరుకోలేదు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, ఉర్దూ, సంస్కృతాల్లో వైద్యులు ఇచ్చిన సమాధానాలను తన నివేదికతోపాటు అచ్చువేసింది. 1923లో వచ్చిన ఆ నివేదిక సారాంశం ఇది: దేశీయ పద్ధతులు తర్కబద్ధమైన శాస్త్రాలే, కాని ఆచరణలో, ముఖ్యంగా శస్త్రచికిత్సలో, అవి స్వయంసంపూర్ణంగా లేవు, ఆ లోటును పాశ్చాత్య వైద్యంనుంచి పూరించుకోవాలి.

ఈ తీర్మానం ఫలితమే 1925లో మద్రాసులో తెరచిన ప్రభుత్వ భారతీయ వైద్య పాఠశాల. ఆయుర్వేదమో, సిద్ధమో, యునానీయో ప్రధానంగా తీసుకొని, దానితోపాటు శరీరనిర్మాణం, శస్త్రచికిత్స మొదలైన ఆధునిక విషయాలు కూడా చదివి, 'ఎల్.ఐ.ఎం.' పట్టా పుచ్చుకొన్నవారు బయటికి వచ్చారు. అంతకు ముందు ఏడాదే, పల్లెల్లో స్థిరపడే వైద్యులకు ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చే పథకం ప్రారంభమయింది. పల్లెకు వైద్యుడు కావాలి, ఇంగ్లీషు డాక్టరు పల్లెకు పోడు. కాబట్టి సమన్వయ వైద్యుడిని తయారుచేసి పంపుదాం - రెంటినీ కలిపి చూస్తే పాలకుల లెక్క ఇలా కనబడుతుంది. ఇక్కడే ఆగి ఆలోచించాలి. సమన్వయం రెండు శాస్త్రాల మధ్య సమాన చర్చగా పుట్టిందా, పేదవాడికి చౌక వైద్యంగా పుట్టిందా? ఉస్మాన్ సంఘం మనసులో మొదటిది ఉంది. ప్రభుత్వ ఖజానా మనసులో రెండవది ఉంది. చివరికి ఖజానాయే గెలిచింది.

గెలిచిన తీరు చూడండి. ఆ పాఠశాల స్వాతంత్ర్య కాలానికి కళాశాల అయింది. 1948లో చోప్రా సంఘం రెండు వైద్యాలనూ సంశ్లేషించాలని కేంద్రప్రభుత్వానికి సిఫారసు చేసింది. కాగితం మీద సమన్వయానికి ఇది స్వర్ణయుగం. ఆచరణలో మాత్రం దేశమంతటా ఇటువంటి కళాశాలల విద్యార్థులే 1950 దశకంలో సమ్మెలు చేశారు. వారి కోరిక ఆయుర్వేదం ఇంకా బాగా చెప్పమని కాదు. తమకు కూడా ఎం.బి.బి.ఎస్. పట్టా, ఆ జీతం, ఆ హోదా ఇమ్మని. ఆ విద్యార్థులను తప్పుపట్టలేము. ఉదయం ఒక ఉపాధ్యాయుడు రోగానికి కారణం త్రిదోషాల వైషమ్యమని చెబుతాడు. మధ్యాహ్నం మరొకడు అదే రోగానికి కారణం సూక్ష్మజీవి అని చెబుతాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు వాదించుకోరు. ఒకే రోగిని ఇద్దరూ కలిసి చూడరు. సమన్వయం చేసే బాధ్యత ఇరవై ఏళ్ల కుర్రవాడి తలకాయకు వదిలేశారు! బయటికి వచ్చాక అతనికి జీతం తక్కువ, గౌరవం తక్కువ. 1960లో మద్రాసు కళాశాల కీల్పాక్ మెడికల్ కాలేజీగా, అంటే మామూలు ఆధునిక వైద్య కళాశాలగా మారిపోయింది. సమన్వయం అనే ప్రయోగం ముప్పయిఅయిదేళ్లు నడిచి, తన పేరుకూడా మిగలకుండా ముగిసింది.

దీనికి ప్రతిక్రియగా 'శుద్ధ ఆయుర్వేదం' వాదం బలపడింది. 1963 నాటికి వ్యాస్ సంఘం శుద్ధ పాఠ్యప్రణాళికను సమర్థించింది. 1970లో భారతీయ వైద్య కేంద్రమండలి చట్టం వచ్చింది. మిశ్రమా, శుద్ధమా అనే ఈ తగాదా నలభై ఏళ్లు సాగింది. ఇది ఎవరి తగాదా? పట్టాలున్నవారి తగాదా. ఉద్యోగాలు, మండళ్లు, కళాశాలల తగాదా. ఆ నలభై ఏళ్లలో కళ్యాణదుర్గం, మడకశిర పల్లెల్లో జ్వరం వచ్చిన కూలీకి శుద్ధ వైద్యుడూ దొరకలేదు, మిశ్రమ వైద్యుడూ దొరకలేదు. దొరికింది సైకిలు మీద సంచీ తగిలించుకొని వచ్చే ఇంజెక్షను మనిషి. నిజమైన సమన్వయం అతడి సంచీలోనే జరిగింది: ఒక అరలో కషాయపు పొడి, ఒక అరలో పెన్సిలిన్.

ఇక సూదుల సంగతికి వద్దాం. ఆక్యుపంక్చర్ పేరు చెప్పగానే అభ్యుదయవాదుల గుండెల్లో ఒక మమకారం కలుగుతుంది. దానికి చారిత్రక కారణం ఉంది. 1938లో జపాను దురాక్రమణను ఎదిరిస్తున్న చైనాకు భారత జాతీయ కాంగ్రెస్ అయిదుగురు వైద్యులను పంపింది. వారిలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే అసువులు బాశాడు. తిరిగివచ్చిన వారిలో డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950 దశకం చివర మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకొని, 1959లో కలకత్తాలో దానితో చికిత్స ప్రారంభించాడు. ఆధునిక భారతదేశంలో ఈ వైద్యానికి అది నాంది. 1996లో పశ్చిమ బెంగాల్ శాసనసభ ఆక్యుపంక్చర్‌కు ప్రత్యేక చట్టం చేసింది. కేంద్రప్రభుత్వం 2003లో దీన్ని ఒక చికిత్సా విధానంగా అనుమతించి, 2019లో స్వతంత్ర వైద్య పద్ధతిగా గుర్తించింది.

కాని మమకారం రుజువు కాదు. చైనా అనుభవాన్నికూడా చరిత్రగానే చూడాలి, పురాణంగా కాదు. 1949లో చైనాలో ఆధునిక వైద్యులు వేలల్లో, సంప్రదాయ వైద్యులు లక్షల్లో ఉన్నారు. 1950లో జరిగిన జాతీయ ఆరోగ్య మహాసభ ఇద్దరినీ ఏకం చేయాలని నినదించింది. 1954నుంచి ఆధునిక వైద్యులు పాత వైద్యాన్ని నేర్చుకోవాలనే ఉద్యమం నడిచింది. 1955లో పీకింగులో సంప్రదాయ వైద్య పరిశోధనాసంస్థ వెలసింది. ఇది అవసరంనుంచి పుట్టిన విధానం. చైనా పల్లెల్లో మరణాలు తగ్గడానికి ముఖ్యకారణం సూదులు కావు. తిండి, మంచినీరు, టీకాలు, నత్తలనూ ఈగలనూ నిర్మూలించిన సామూహిక ఉద్యమాలు, 1968 తర్వాత 'చెప్పుల్లేని డాక్టర్లు'గా పేరుపడిన గ్రామ కార్యకర్తలు. 1971లో అమెరికా పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ పీకింగులో శస్త్రచికిత్స చేయించుకొని, ఆ తరువాతి బాధకు సూదులు వేయించుకొన్న సంగతి వ్రాసేసరికి ప్రపంచమంతా విస్తుపోయింది. ఆ శస్త్రచికిత్స మామూలు మత్తుమందుతోనే జరిగిందన్న సంగతి మాత్రం చాలామంది మరచారు. సూదులతోనే కడుపు కోయగలరన్న కథ పుట్టింది.

మరి పరీక్షలు ఏం చెబుతున్నాయి? జర్మనీలో దీర్ఘకాలపు నడుమునొప్పి ఉన్న 1,162 మంది మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. శాస్త్రోక్తమైన బిందువుల్లో సూదులు వేయించుకొన్నవారిలో 47.6 శాతం, బిందువులు కానిచోట్ల పైపైన సూదులు వేయించుకొన్నవారిలో 44.2 శాతం, మామూలు మందులూ వ్యాయామమూ పొందినవారిలో 27.4 శాతం ఆరునెలల తర్వాత మెరుగయ్యారు. ఈ మూడు అంకెలను ఎవరికి నచ్చినట్లు వారు వాడుకోవచ్చు. సూదుల భక్తుడు మొదటి అంకెనూ మూడవ అంకెనూ చూపుతాడు. విరోధి మొదటిదాన్నీ రెండవదాన్నీ చూపుతాడు. మూడింటినీ కలిపి చూడడమే శాస్త్రదృష్టి. ప్రాణశక్తి ప్రవహించే నాళాలూ వాటి బిందువులూ అనే సిద్ధాంతానికి ఇక్కడ బలం చేకూరలేదు. కాని, వారానికి రెండుసార్లు, అరగంటసేపు, ఒక మనిషి రోగిని పడుకోబెట్టి, తాకి, శ్రద్ధగా చూస్తే, ఆ సూది ఎక్కడ పడినా, బాధ తగ్గే అవకాశం మామూలు చికిత్సకన్నా ఎక్కువని తేలింది. ఇందులో సూది గొప్పతనంకన్నా మామూలు చికిత్స పేదరికం నాకు ఎక్కువగా కనబడుతుంది.

ఈ సంగతి అనంతపురానికి ఎంత దగ్గరిదో చూడండి. వేరుశనగ చేలో వంగి కాయ పీకే ఆడకూలీకి నడుము పోతుంది, మోకాళ్లు పోతాయి. ఆమె ఆ బాధను నొప్పిబిళ్లలతో అణచుకొంటుంది. ఏళ్ల తరబడి మింగితే ఆ బిళ్లలు మూత్రపిండాలకు ముప్పు తెస్తాయి. అటువంటి మనిషికి, శుభ్రమైన, ఒక్కసారే వాడి పారేసే సూదులతో, తర్ఫీదు పొందిన చేతులతో చేసే చికిత్సవల్ల నాలుగు బిళ్లలు తగ్గినా లాభమే. దాన్ని నేను కాదనను. కాని ఆమె తాగే నీళ్లలో ఫ్లోరైడు ఉంటే? 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లోనే మన దేశపు ఫ్లోరోసిస్ మొట్టమొదట వైద్యపత్రికలకెక్కింది; అనంతపురం బోరుబావులకూ ఆ శాపం ఉంది. బోరు ఎంత లోతుకు దిగితే ఆ ముప్పు అంత పెరుగుతుంది. వంగిపోయిన ఆ వెన్నెముకను ఏ సూదీ, ఏ కషాయమూ నిలబెట్టవు. అక్కడ మందు పేరు మంచినీళ్లు. ఆ రోగికి సూది వేసి పంపడం సమన్వయం కాదు, మోసం.

మూలికల విషయంలోనూ ఇంతే నిక్కచ్చిగా ఉండాలి. మూలిక ఆధునిక వైద్యంలో చేరడానికి నిజంగా నడిచిన దారి ఏమిటో రెండు ఉదాహరణలు చెబుతాయి. మనం పాతాళగంధి అని కూడా పిలిచే సర్పగంధ వేరును 1931లో సేన్, బోసులు రక్తపుపోటుకూ ఉన్మాదానికీ పరీక్షించి ప్రకటించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులపై ఫలితాలను బ్రిటిష్ పత్రికలో ప్రచురించాడు. 1952లో స్విట్జర్లాండులో దానినుంచి రిసర్పిన్ వేరుచేశారు. చైనాలో 1967లో మొదలైన మలేరియా పరిశోధనలో తూ యూయూ బృందం నాలుగో శతాబ్దపు గ్రంథంలోని సూచనను పట్టుకొంది: ఆకును కాచమని అందులో లేదు, చన్నీళ్లలో నానబెట్టి పిండమని ఉంది. వేడి తగిలితే గుణం పోతుందేమోనని ఊహించి, తక్కువ ఉష్ణోగ్రతలో సారం తీసి, 1972లో ఆర్టిమిసినిన్‌ను సాధించారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమానం వచ్చింది. పాత గ్రంథాన్ని పూజించి ఉంటే ఆ మందు దొరికేది కాదు. అవతల పారవేసి ఉన్నా దొరికేది కాదు. చదివి, అనుమానించి, పరీక్షించారు కాబట్టి దొరికింది. సర్పగంధ కథకు మరో పార్శ్వం కూడా ఉంది: వేరు మనది, తొలి పరీక్షలు మనవి, మందు పేరిట వ్యాపారం స్విస్ కంపెనీది.

ఇదే పరీక్ష కొన్ని మూలికలను దోషులుగా కూడా నిలబెట్టింది. మన నల్లరేగడి చేలల్లో మొలిచే గాడిదగడపాకును పల్లెవైద్యంలో పురుగులకూ పుళ్లకూ వాడతారు. దాని జాతి మొక్కల్లో ఉండే ఒక ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుందనీ, కాన్సరు కలిగిస్తుందనీ 1993లో బెల్జియంలో బయటపడిన కేసుల తర్వాత రుజువైంది. అక్కడ సన్నబడడానికి మూలికలు మింగిన స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 మందుల్లో సీసం, పాదరసం, పాషాణం వంటివి కనబడ్డాయి. కోవిడ్ రోజుల్లో విచ్చలవిడిగా తాగిన తిప్పతీగ కషాయంవల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్నదని బొంబాయి వైద్యులు 2021లో నివేదించారు. 'ఆకే గదా, ఏమవుతుంది?' అన్నమాట మన దేశంలో అతి ప్రమాదకరమైన మాటల్లో ఒకటి. గుణం చేసే శక్తి ఉన్న ఆకుకు కీడు చేసే శక్తీ ఉంటుంది.

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందుకోసం వేలాదిమంది బారులు తీరారు. కొద్దిరోజుల తర్వాత ప్రభుత్వం పంపిణీని ఆపించి, పరీక్షలు జరిపించి, హానికరం కాదన్న నివేదికల ఆధారంగా, నెలాఖరున కంటిచుక్కలు తప్ప మిగిలినవాటికి అనుమతి ఇచ్చింది. హేతువాదులు ఆ జనాన్ని వెక్కిరించారు. స్వదేశాభిమానులు చప్పట్లు చరిచారు. అదే నెలలో తిరుపతి ప్రభుత్వాసుపత్రిలో ప్రాణవాయువుకు అంతరాయం కలిగి 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. ఇళ్లు తాకట్టుపెట్టి ప్రయివేటు ఆసుపత్రుల బిల్లులు కట్టినవారు వేలు. ఈ నేపథ్యం లేకుండా కృష్ణపట్నం అర్థం కాదు. ఆ బారుల్లో నిలబడ్డవారందరూ మూఢులు కారు. మరో ద్వారం మూసుకుపోయినవారు. కాని వారి నిస్సహాయతను మందుకు యోగ్యతాపత్రంగా మార్చడం మరో నేరం. హాని చేయదని తేలడం వేరు, మేలు చేస్తుందని తేలడం వేరు. ప్రభుత్వం మొదటిదాన్ని చూసి ఊరుకుంది. రెండవదాన్ని గురించి అడగవలసిన మనం కూడా పక్షాలు కట్టి కేకలు వేయడంతో సరిపెట్టుకొన్నాము.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు ఆయుష్ వైద్యులను ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల్లోనే కూర్చోబెట్టాలన్న విధానం వచ్చింది. 2014లో ఆయుష్‌కు ప్రత్యేక మంత్రిత్వశాఖే ఏర్పడింది. ఒకే కప్పుకింద ఇద్దరు వైద్యులు - ఇది 1925 నాటి కలకు మరో రూపం. కాని నేను చూసిన చోట్ల జరుగుతున్నది సమన్వయం కాదు, సహనివాసం. ఒక గదిలోని వైద్యుడు రాసిన చీటీ మరో గదిలోని వైద్యుడికి కనబడదు. చక్కెర వ్యాధికి బిళ్లలు మింగుతున్న ముసలాయన పొడపత్రి పొడికూడా తింటున్నాడని ఎవరూ అడగరు. రెండూ కలిసి చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరిగి పడితే, ఎందుకు పడ్డాడో ఎవరికీ తెలియదు. ఆధునిక వైద్యుడు లేనినాడు ఆయుష్ వైద్యుడే ఇంగ్లీషు మందులు ఇవ్వవలసివస్తుంది. ఉన్ననాడు అతడిని పలకరించేవారుండరు. జీతంలో తేడా, హోదాలో తేడా. మద్రాసు కళాశాలను మింగిన జబ్బే ఇక్కడా ఉంది.

మరొక సంగతి. మూలిక కావాలంటే మొక్క కావాలి. మొక్కకు నేల కావాలి. కొర్ర, సజ్జ, జొన్న పండిన నేలల్లో 1960 తర్వాత వేరుశనగ విస్తరించింది. బీళ్లూ బంజర్లూ దున్నబడ్డాయి. రామగిరి గుట్టలమీద గాలిమరలు, నంబులపూలకుంటలో సౌరఫలకాలు వచ్చాయి. నేలవేమూ, నల్లేరూ, సుగంధిపాలా వెదుక్కునే ఉమ్మడి భూములు తగ్గిపోతున్నాయి. మూలికలు తెలిసిన పశులకాపరి కొడుకు బెంగుళూరులో ఇల్లు కట్టే పనికి పోయాడు. అదే మూలిక కంపెనీ డబ్బాలో, రంగు కాగితం చుట్టుకొని, తిరిగి అనంతపురం అంగడికి వస్తుంది. తండ్రి గుట్టమీద ఊరికే కోసుకున్నదాన్ని కొడుకు కూలిడబ్బుతో కొంటాడు. సంప్రదాయాన్ని గురించి ఎక్కువగా మాట్లాడేవారు ఈ విషయంలో మాత్రం మౌనంగా ఉంటారు.

అయితే ఏం చేయాలి? అసలైన సమన్వయానికి కొన్ని కనీస షరతులున్నాయి. రోగికి ఒకే చీటీ ఉండాలి; రెండు గదులవారూ అందులోనే వ్రాయాలి. 'ఇంకేం తింటున్నావమ్మా?' అని ప్రతి వైద్యుడూ, కసురుకోకుండా, అడగాలి. కసిరితే ఆమె చెప్పదు. ఏ మందుకైనా ఒకే కొలబద్ద: తాళపత్రం నుంచి వచ్చినా, ప్రయోగశాల నుంచి వచ్చినా, పరీక్షకు నిలవాలి. నిలిచిన మందును ప్రభుత్వమే తయారుచేసి ఉచితంగా ఇవ్వాలి. పుత్తూరు కట్టుకోసం పోయేవాడు ముందు ఎక్స్‌రే తీయించుకొనే ఏర్పాటు ఉండాలి. ఎముక చర్మాన్ని చీల్చుకువస్తే, కట్టు బిగిసి వేళ్లు నల్లబడితే, ఆసుపత్రికి పంపవలసిన బాధ్యత కట్టేవాడికి ఉండాలి. ఆ జ్ఞానం ఉన్నవారికి తర్ఫీదూ, గౌరవమూ ఇవ్వకుండా నేరస్థులుగా తరిమినా, దేవుళ్లుగా మొక్కినా ప్రయోజనం లేదు. నెల్లూరులో డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి ప్రజావైద్యశాలలో పల్లె యువకులకు చికిత్సలో తర్ఫీదు ఇచ్చిన సంప్రదాయం తెలుగునాట ఉన్నదే; కొత్తగా కనిపెట్టనక్కరలేదు.

మా తెలుగు అధ్యాపకులకూ ఇందులో పని ఉంది. సంస్కృత గ్రంథంలో 'బ్రాహ్మి' అని ఉంటే ఒకచోట నీటిఒడ్డున పాకే మొక్కను వాడతారు, మరొకచోట మనం సరస్వతి ఆకు అనే మొక్కను వాడతారు. రెండూ వేర్వేరు మొక్కలు. 'శంఖపుష్పి' పేరుతో ఉత్తరాదిన ఒక మొక్క, దక్షిణాదిన మరొకటి చలామణి అవుతాయి. ఇది కేవలం నిఘంటువు సమస్య కాదు. రోగి కడుపులోకి ఏ ఆకు పోతుందన్న సమస్య. మండల మండలానికీ మారే మొక్కల పేర్లను సేకరించి, వృక్షశాస్త్రజ్ఞుల సహాయంతో మొక్కను గుర్తించి, వైద్యగ్రంథాలను సరైన పాఠాలతో, సందేహాలను దాచకుండా, ప్రమాదాలను గుర్తుచేస్తూ ప్రచురించడం మేము చేయగల పని. ప్రబంధాల్లో చంపకమాలలు లెక్కపెట్టే విద్యార్థుల్లో పదిమంది ఈ పనికి పూనుకున్నా సాహిత్యానికి నష్టం లేదు. ఎందుకంటే ఆ పేర్లు తెలిసిన చివరి తరం ఇప్పుడు ఊళ్లల్లో అరుగుల మీద కూర్చుని ఉంది. తెలుగులో మందు చెప్పవలసిన అవసరాన్ని బసవరాజీయ కర్త ఎన్నడో గుర్తించాడు. విశ్వవిద్యాలయాలు గుర్తించడానికి ఇంకెంతకాలం పడుతుంది?

చివరిగా ఒక్కమాట. సమన్వయం అనే పదాన్ని పాలకులు ఉచ్చరించినప్పుడల్లా మనం బడ్జెట్టు వైపు చూడాలి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో రక్తపరీక్షకూ, కాన్పుకూ, పాముకాటు మందుకూ డబ్బు ఇస్తూ, దానికి తోడుగా మూలికనూ సూదినీ తెస్తే అది సమన్వయం. వాటికి డబ్బు ఇవ్వకుండా వాటి బదులు మూలికనూ సూదినీ తెస్తే అది పేదవాడికి పేద వైద్యం. పట్నంలో ధనవంతుడు అన్ని పరీక్షలూ అయ్యాక విలాసంగా చేయించుకొనే సూదివైద్యం, కరువు పల్లెలో ఏ పరీక్షా లేకుండా గతిలేక చేయించుకొనే సూదివైద్యం ఒకటి కావు. 1877లో ఒక పౌను ధాన్యం చాలునన్నవాడికి కూడా తన లెక్కలు శాస్త్రీయంగానే కనబడ్డాయి. ఆ లెక్కను తలకిందులు చేసింది ఆకలి కడుపు వైపునుంచి చూసిన వైద్యుడు. ఈ సీమలో వైద్యం ఏదైనా, దాని భాష ఏదైనా, ఆ వైపునుంచి చూడగలిగినప్పుడే అది ప్రజల వైద్యమవుతుంది.